సత్తమ్మ చెప్పిన పేరు

చంద్రపూర్ ఎండల గురించి నేను చెబితే మావాళ్ళు నమ్మరు గాని, ఒక మే నెలలో మా వాడకట్టు మీదుగా ఎగురుతున్న కాకి సగం దూరంలో అలసిపోయి కిందికి దిగింది. ఎక్కడా చెట్టు దొరక్క తన నీడలో తానే కూర్చుని, కాసేపు ఒగర్చి, మళ్ళీ ఎగిరిపోయింది. కళ్ళారా చూసినవాణ్ణి నేను. ఇట్లాంటివి చెబుతాననే నాకు ఊళ్ళో పేరు. మా బొగ్గు బాయి వార్ధా నది కిందుగా పోయేదనీ, పైకప్పుకు చెవి ఆనిస్తే చేపల మాటలు వినబడేవనీ, ఆ ఒడ్డు చేపలు తెలుగులో తిట్టుకుంటే ఈ ఒడ్డువి మరాఠీలో జవాబిచ్చేవనీ చెప్పి నా మనుమరాలిని ఎన్నో మధ్యాహ్నాలు నిద్రపుచ్చాను. అట్లాంటి పేరు తెచ్చుకోవడం మనిషికి మంచిది కాదని ఈ ఏడాది తెలిసింది.

నేను ఆ బాయిలో పనిచేసి కొలువు దిగిపోయినవాణ్ణి. నేను తవ్విన బొగ్గునే నా కొడుకు సదానందం కరెంటు కార్ఖానాలో, బాయిలర్ దగ్గర, ముప్పై ఏళ్ళుగా కాలుస్తున్నాడు. మేం ఉండేది ఊర్జానగర్‌లో వాడి క్వార్టరులోనే. వాడి బిడ్డ శ్రావణి పుణెలో కంప్యూటర్ కొలువు చేస్తుంది. “మీరిద్దరు కలిసి కాల్చింది సాలు, ఇగ జర సల్లవడుండ్రి,” అని ఈ ఓడ ముచ్చట తెచ్చింది ఆ పిల్లే.

ఉగాది పోయిన వారం సెలవు మీద వచ్చి, మమ్మల్నందరినీ కూలర్ ముందు కూర్చోబెట్టి ఫోను తీసింది.

“తాతా, గిది నార్వే. ఈడ సముద్రమే గుట్టల నడుమకు వొస్తది. ఎనిమిది దినాలు ఓడలనే ఉంటం. ఆడనే తినుడు, ఆడనే పండుడు, కిటికీలకెల్లి మంచు జూసుడు.”

“తినుడు పండుడుకు ఓడెందుకే పిల్లా? ఆయితారం వస్తె మీ నాయిన ఇంట్లనే చేస్తడు గదా.”

“సురువైంది,” అన్నాడు సదానందం.

“జూన్ ఆఖర్ల పోతం. ఐదుగురం. తాతకు బాపమ్మకు ఒక రూము, మన ముగ్గురికి ఒకటి. పప్పా, రద్దు గిద్దు అనకు, నేను పక్కా చేసిన.”

కోడలు సుభాషిణి అప్పుడే స్వెట్టర్ల లెక్కలో పడింది. చంద్రపూర్‌లో స్వెట్టరంటే పెట్టె అడుగున పడుకునే వస్తువు. నా భార్య సత్తమ్మ మాత్రం చాటలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. శ్రావణి ఫోను ఆమె ముందుకు జరిపింది. ఒక మంచుకొండ నిట్టనిలువుగా చీలి, మెల్లగా వాలి, సముద్రంలో పడింది. సత్తమ్మ పులుపు చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

“మల్లొక్కపారి పెట్టు.”

మూడుసార్లు చూసింది. చూసి అడిగింది. “గంత ఐసు మీద పొట్టు ఎవలు పోస్తరే?”

అందరూ పడీ పడీ నవ్వారు. నేను కూడా నవ్వాను గాని, ఆ ప్రశ్న ఎక్కడిదో నాకు తెలుసు. బొగ్గు టబ్బు మీద పడి నా మోకాలు నలిగిన ఏడు, సత్తమ్మ బల్లార్‌పూర్‌లో ఐసు అమ్మడం మొదలుపెట్టింది. నా కాలు బాగయ్యాక కూడా ఇరవై ఏళ్ళు అమ్మింది. పొద్దున్నే ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి, రంపపు పొట్టు కప్పి, గోనెసంచి చుట్టి కూర్చునేది. మధ్యాహ్నానికి సగం నీళ్ళయి మోరీలో పోయేది. ఇరవై ఏళ్ళు ఆ మనిషి చేసిన పని ఐసు అమ్మడం కాదు, అది కరగకుండా కావలి కాయడం. ఎవరూ కాపలా లేకుండా, ఎవరూ పొట్టు కప్పకుండా, దేశం మొత్తం ఐసే ఉండే చోటు ఉందంటే ఆమెకు గుండెల్లో ఎట్లా ఉండి ఉంటుంది?

“నేను జూడాలె బిడ్డా,” అంది. యాభై ఐదేళ్ళ కాపురంలో ఆమె నోట ‘నాకు కావాలె’ అన్నట్టు ఒక మాట రావడం నేను విన్నది చాలా తక్కువ. గోడ గడియారం ఒకటి అడిగింది, ఒకసారి. అంతే.

మిగతా ముగ్గురికీ పాస్‌పోర్టులు ఉన్నాయి. మా ముసలివాళ్ళిద్దరికే లేవు. మరునాడు శ్రావణి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా అర్జీ నింపింది. పేరు రాజలింగు. తండ్రి పేరు, ఇంటిపేరు, పుట్టిన తారీఖు అన్నీ గిర్నీలోంచి పిండి రాలినట్టు గడగడా చెప్పాను. తర్వాత సత్తమ్మ అర్జీ.

“భర్త పేరు రాజలింగు. గంతే గదా బాపమ్మా?”

“గది రాయకు.”

“అంటే?”

“ఆ పేరు రాయకు బిడ్డా. నేను దస్తకత్ చెయ్య.”

సుభాషిణి నవ్వింది. “ఏందత్తమ్మా, గిప్పుడు సిగ్గు పుట్టిందా? బాయి క్వార్టర్లల్ల ఉన్నప్పుడు కోడిని పిలిసినట్టు పిలుస్తుంటివట గదా మామను!”

అది నిజం. మా ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, పలికితే ఆయుష్షు తగ్గుతుందని. బాయి క్వార్టర్లలో రేషను గుమాస్తా వచ్చి ఇంటాయన పేరేమిటని అడిగితే, ఆడవాళ్ళు పక్కింటి పిల్లల్ని పిలిచి చెప్పించేవాళ్ళు. సత్తమ్మ ఒక్కతే వీధి చివరికి వినబడేట్టు “ఓ రాజలింగూ, బువ్వ సల్లారుతంది!” అని అరిచేది. ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. ఎంత ధైర్యం ఈ మనిషికి అని. ధైర్యం ఏమీ లేదు. రాజలింగు నా పేరు కాదు.

నా పేరు లచ్చయ్య.

చెప్పేస్తే ఇంత చిన్న మాట. రాజలింగు వార్ధా నది అవతల మా సొంతూరివాడు. బాయిలో కొలువు వాడికి వచ్చింది, వాడి మేనమామ పుణ్యాన. నేను వాడి వెంట ఊరికే తోడు వచ్చాను, పట్నం చూద్దామని. వాడు ఎనిమిది గంటల పాళీ ఒక్కటి దిగాడు. పైకి వచ్చి నల్లా కింద తల పెట్టి కూర్చుని, చాలాసేపటికి, “ఆడ ఆకాశం లేదురా,” అన్నాడు. తెల్లారేసరికి జ్వరం. తన నంబరు బిళ్ళ నా చేతిలో పెట్టి, “నాలుగు దినాలు నా పేరు మీద దిగు. జరం తగ్గినంక నేనొస్త,” అన్నాడు. హాజరు పిలిచేవాడికి బొగ్గు పూసుకున్న మొఖాలన్నీ ఒకటే. ఆ నాలుగు రోజులు నలభై ఏళ్ళయ్యాయి. కాగితాల మీద వాడు నాకంటే రెండేళ్ళు పెద్ద కాబట్టి రెండేళ్ళు ముందే కొలువు దిగిపోయాను. నాకు వాడు పెట్టిన నష్టం అదొక్కటే.

ఇట్లా మారు పేర్లతో దిగినవాళ్ళు నేనొక్కణ్ణే కాదు. బాయిలో పక్కపక్కన నిలబడి తవ్వినవాళ్ళలో ఎంతమంది ఎవరో దేవుడికి తెలుసు. దొరికితే కొలువు పోతుంది. అందుకే ఎవరూ ఎవరినీ అడగరు. పెళ్ళాలకు తప్ప ఎవరికీ చెప్పరు. సదానందానికి చిన్నప్పుడు చెప్పలేదు, బడిలో వాగుతాడని. పెద్దయ్యాక చెప్పలేదు, ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు కొడుకు పేరు నడుమన వచ్చి కూర్చుంటుంది కాబట్టి. వాడి బడి కాగితాల్లో, కొలువు కాగితాల్లో, పెళ్ళి కార్డులో, వాడి పేరుకూ ఇంటిపేరుకూ మధ్య రాజలింగే. ఊరికి పోతే మాత్రం నన్ను పేరుతో పిలిచేదెవరు? ఒకరికి బావను, ఒకరికి కాకను. అట్లా గడిచిపోయింది.

అసలు రాజలింగు ఊళ్ళో మేకలు కాచుకుంటూ బతికాడు. బాయికి భయపడి పారిపోయానని తన పెళ్ళానికి కూడా చెప్పుకోలేదు. దసరా తర్వాత ఏడాదికొకసారి సీతాఫలాల గంప ఎత్తుకుని మా ఇంటికి వచ్చేవాడు. మా పిల్లవాడు పెద్దనాయిన అనేవాడు. ఇద్దరం పందిరి కింద కూర్చుంటే వాడు గొంతు తగ్గించి అడిగేవాడు.

“ఎట్లున్నడ్రా రాజలింగు?”

“మంచిగనే ఉన్నడు. జర దమ్మొస్తంది.”

“నా పేరు పైలంగ వాడుతున్నవా?”

“పండుగపూట కొత్తంగి తొడిగి తిప్పుతున్న.”

పోయిన వానాకాలంలో వాడు చచ్చిపోయాడు. మేమిద్దరం పోయి వచ్చాం. వాడి భార్య నర్సవ్వను చెలిమె దగ్గర కూర్చోబెట్టి గాజులు పగలగొట్టినప్పుడు సత్తమ్మ అక్కడే ఉంది. పెద్దమనిషి ఎవరో “రాజలింగు పెండ్లాం, రాజలింగు పెండ్లాం, జరుగుండ్రి,” అని జనాన్ని తప్పించాడట. సత్తమ్మ ఉలిక్కిపడి, తనే జరిగిందట. ఆ రోజు నుంచి ఆమె నోట రాజలింగు అన్న మాట రాలేదు. నేను గమనించాను. గమనించి, నాకెందుకులే అని ఊరుకున్నాను.

అర్జీ గొడవ జరిగిన మరునాడు, తెల్లవారి నీళ్ళు వచ్చే వేళ, నల్లా దగ్గర ఆమె బిందె పెట్టి నిలబడితే పక్కకు పోయాను.

“ఏందే నీ లొల్లి? యాభై ఏండ్ల సంది ఆ పేరు మీదనే గదా నడుస్తంది సంసారం.”

“అప్పుడాయిన బతికుండె. ఇప్పుడది సచ్చినోని పేరు. దాని మీద నర్సవ్వ గాజులు పలిగినయి. గదే పేరు నా మొగనిదని నేను రాయిస్తె, నా చేతుల గాజులెట్లుంటయి?”

“నేను సచ్చిన్నానే? నీ ముంగటనే ఉంటి గదా.”

“నువ్వున్నవ్. ఏ పేరు మీద ఉన్నవో నువ్వే సెప్పు.”

బిందె నిండి పొర్లుతోంది. నల్లా కట్టేశాను.

“నీకు మంచు జూడాల్నని లేదా?” అన్నాను.

“ఉన్నది. గాని నీ పెండ్లాం లెక్క సూస్త. రాజలింగు పెండ్లాం లెక్క సూడ.” బిందె నడుముకెత్తుకుంది. “నీ నోటితోని నీ పేరు ఒక్కసారి సెప్పు. కొడుక్కు సెప్పు. తర్వాత ఆడేది రాసినా రాయనీ.”

నేను సరే అన్నాను. చెప్పలేదు. ఆ రోజు చెబుదామంటే సదానందానికి రాత్రి పాళీ. మరునాడు చెబుదామంటే వాడికి తలనొప్పి. ఒక్క మాటతో నా పెన్షను, వాడి కాగితాలు, ఆ పిల్ల కాగితాలు అన్నీ కూలుతాయేమోనని నా భయం. నిజంగా కూలుతాయో లేదో కూడా నాకు తెలియదు. యాభై ఏళ్ళు దాచినవాడికి భయమే అలవాటైపోతుంది. ఈలోపు శ్రావణి ఆమె అర్జీని ఆధార్ కార్డు చూసి నింపి పంపించేసింది. పాస్‌పోర్టు ఆఫీసులో ఫలానా రోజు రమ్మని తారీఖు వచ్చింది. సత్తమ్మ ఏ గొడవా చేయకుండా కొత్త చీర కట్టుకుని, నేనూ కొడుకూ కోడలూ వెంట ఉండగా, బయల్దేరింది. మెత్తబడింది అనుకున్నాను.

ఆఫీసు చల్లగా, శుభ్రంగా ఉంది. నా వంతు ముందు వచ్చింది. పేరు అడిగారు, రాజలింగు అన్నాను. వేళ్ళు పెట్టమన్నారు, పెట్టాను. ఫోటో దించారు. రెండు నిమిషాల పని. తర్వాత సత్తమ్మ కూర్చుంది. బల్ల వెనుక శ్రావణి వయసు పిల్ల, మరాఠీ అమ్మాయి, నవ్వుమొఖం.

“ఆజీ, నవర్యాచ నావ్ సాంగా.” అవ్వా, నీ పెనిమిటి పేరు చెప్పు అని.

సత్తమ్మ తల దించుకుంది. ఆ పిల్ల ఇంకా నవ్వింది. తన నాయనమ్మ కూడా ఇంతేనట, చచ్చినా చెప్పదట. అయితే ఉఖాణా కట్టి చెప్పమంది. మరాఠీ ఆడవాళ్ళకు అదొక ముచ్చట. మొగుడి పేరు ఊరికే అనరు, రెండు చరణాలు కట్టి అందులో పొదిగి చెబుతారు. వెనుక వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు కూడా హుషారుగా, “ఘ్యా ఆజీ, ఉఖాణా ఘ్యా!” అన్నారు. పెళ్ళింట్లో ఉన్నట్టే ఉంది.

సత్తమ్మ కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది. ఊరికే చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందంటే, నేను లేచి, గొంతు సవరించుకుని, నా పేరు చెప్పి, నా తండ్రి పేరు కూడా చెప్పి మళ్ళీ కూర్చోవచ్చు. అంతసేపు. ఇందులో నా కోతలేమీ లేవు. నేను గోడ మీది నోటీసు చదువుతున్నట్టు నటించాను. అది మరాఠీలో ఉంది.

“లచ్చయ్య,” అంది సత్తమ్మ.

పాటా లేదు, చరణమూ లేదు. యాభై ఐదేళ్ళలో నా పేరు ఆమె నోట అదే మొదటిసారి వినడం. అన్న వెంటనే చేతి గాజులు తడుముకుంది. ఆయుష్షు మాట ఆమెకు గుర్తుంది మరి.

బల్ల వెనుక పిల్ల కాగితాలు అటూ ఇటూ తిప్పింది. సదానందాన్ని చూసింది. “లచ్చయ్య కోణ్?” ఎవరా లచ్చయ్య అని.

సదానందం మొఖం ఎర్రబడింది. తల్లి భుజం మీద చెయ్యి వేసి, బల్ల మీదికి వంగి, మెల్లగా మరాఠీలో చెప్పాడు. అమ్మకు వయసు మీద పడిందనీ, పోయిన ఏడు దగ్గరి మనిషి పోయినప్పటి నుంచి అదో తీరుగా ఉంటోందనీ. “లచ్చయ్య అనేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు మేడం,” అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. వాడికి తెలిసింది వాడు చెప్పాడు. తెలిసినవాణ్ణి నేను నాలుగు అడుగుల దూరంలో, నోరు మూసుకుని కూర్చున్నాను. చేపల చేత మాట్లాడించిన నోరు.

ఆ పిల్ల పాపం, జాలి పడింది. అవ్వ కాగితాలు పక్కన పెడతాననీ, డాక్టరు చేత చీటీ రాయించి మళ్ళీ తీసుకురమ్మనీ చెప్పింది. నా కాగితాల మీద ముద్ర పడింది.

కారులో సుభాషిణి అత్త చెయ్యి పట్టుకుని కూర్చుంది, చిన్నపిల్లను పట్టుకున్నట్టు. ఇంటికి వచ్చాక సత్తమ్మ నాకు ఎప్పటిలాగే అన్నం పెట్టింది. పప్పు వడ్డిస్తూ ఒక్క మాట అంది. “ఇన్నవా, నీ కొడుకేమన్నడో.”

డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన మంచివాడే, ఓపికగా అడిగాడు. ఏ నెల, ఏ వారం, ఇంట్లో ఎంతమంది. అన్నీ చెప్పింది. నూరులోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే, ఐసు అమ్మిన చెయ్యి కదా, డాక్టరు కంటే ముందే కిందికి దిగి కూర్చుంది. ఆయనకే ఆశ్చర్యం వేసింది. చివరికి, “మీ ఆయన పేరేంటమ్మా?” అన్నాడు.

ఆమె గడ్డంతో నన్ను చూపించింది. “గా లచ్చయ్యే.”

డాక్టరు కలం ఆగింది. కొందరికి మొదట్లో ఇట్లాగే ఉంటుందట. అన్నీ బాగుంటాయి, ఒక్కచోట మాత్రం జారుతుందట. రాత్రి పూట వేసుకోమని మాత్ర రాసిచ్చాడు.

ఆ మాత్రతో సత్తమ్మ పొద్దు ఎక్కేదాకా లేచేది కాదు. లేచినా కళ్ళు తేలేసినట్టు ఉండేవి. నీళ్ళు వచ్చే వేళకు నల్లా దగ్గర నేనే నిలబడేవాణ్ణి. సుభాషిణి ఆమెతో ఒక్కో మాట విడదీసి, గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది. “అత్తమ్మా. అన్నం. తిన్నవా.” మంచి కోడలు. మంచితనంతోనే చేసింది. పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. గేటుకు తాళం వేసింది.

సత్తమ్మకు ఒకటే కొత్త అలవాటు వచ్చింది. నన్ను పేరు పెట్టి పిలవడం. గడప దాటాక ఇక సిగ్గెందుకు అన్నట్టు. “లచ్చయ్యా, ఇటు రా. లచ్చయ్యా, కిటికీ తెరువు.” ఇంట్లో ఎవరూ లేకపోతే ‘ఆఁ’ అనేవాణ్ణి. ఎవరైనా ఉంటే చెవుడొచ్చినవాడిలా ఉండేవాణ్ణి. ఆమె ఆ తేడా కనిపెట్టింది. కనిపెట్టి, అందరూ ఉన్నప్పుడే పిలవసాగింది. పిలిచి, కాసేపు చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకునేది. పిలిచిన ప్రతిసారీ సుభాషిణి, సదానందం ఒకరి మొఖం ఒకరు చూసుకునేవాళ్ళు.

మే మొదటి వారంలో శ్రావణి వచ్చింది. బాపమ్మను చూసి బయటికి వచ్చి వరండాలో కూర్చుంది. ఇంక ఆగలేకపోయాను. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నది అవతలి ఊరు, నంబరు బిళ్ళ, ఆకాశం లేదన్న మాట, మేకలు, అన్నీ. మొదట అది నవ్వింది. “తాతా, గీ కతల చేపలు ఎప్పుడొస్తయి?” అంది. తర్వాత నవ్వు ఆపింది. ఆపి, నా చెయ్యి తీసుకుని ఏడ్చింది.

“బాపమ్మది తప్పు గాదని సెప్పనీకి గింత పెద్ద కత అల్లినవా తాతా?”

“కత గాదు బిడ్డా. నా మీద ఒట్టు.”

“నువ్వు చేపల ముచ్చటకు గూడ ఒట్టే పెడుతుంటివి.”

పెట్టేవాణ్ణి. అది నిజం.

ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళు వంటింట్లో మెల్లగా మాట్లాడుకున్నారు. తాత తట్టుకోలేకపోతున్నాడు, అతణ్ణి ఇక్కడ ఉంచితే ఇంకా దిగులు పడతాడు, ఓడ మీదికి తీసుకుపోదాం అని. బాపమ్మ దగ్గర సుభాషిణి ఉంటుందట. ఐదుగురి ప్రయాణం ముగ్గురికి వచ్చింది. మంచు చూడాలన్న మనిషి ఇంట్లో, వద్దనీ కావాలనీ ఏమీ అనని నేను ఓడలో. నా పాస్‌పోర్టు అప్పటికే పోస్టులో వచ్చింది. ఫోటోలో ఉన్నది నేనే గాని, పక్కన పేరు చదివితే చచ్చినవాడి ఫోటోలాగే ఉంది.

ఆయితారం నాడు నాగపూర్ నుంచి తెప్పించిన చలి బట్టలు విప్పారు. బయట ఎండ పెనంలా ఉంది. నన్ను నిలబెట్టి, మోకాళ్ళ దాకా కోటు తొడిగి, చేతులకు ఉన్ని సంచులు వేసి, నెత్తిన చెవుల టోపీ బిగించారు. చెమట వీపు మీద కారుతోంది. శ్రావణి ఫోటో తీస్తోంది. సదానందం చాలా రోజుల తర్వాత నవ్వాడు. “బాపూ, ఎలుగ్గొడ్డు లెక్కున్నవ్,” అన్నాడు.

లోపలి గది గుమ్మంలో సత్తమ్మ నిలబడి ఉంది. గోడ పట్టుకుని ఎప్పుడు లేచి వచ్చిందో. మత్తు కళ్ళతో నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“లచ్చయ్యా,” అంది. “పోతున్నవా?”

సుభాషిణి లేచి ఆమె వైపు రెండడుగులు వేసింది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. రైలెక్కే మనిషిని పలకరించినట్టు అడిగింది, అంతే. నేను టోపీ తీశాను. చేతి సంచులు రాలేదు, అట్లాగే ఉన్నాయి.

“లేదే,” అన్నాను. “లచ్చయ్య యాడికి పోతడు? నీతోనే ఉంటడు.”

“బాపూ,” అన్నాడు సదానందం.

“నా పేరు లచ్చయ్యరా. రాజలింగు మీ పెద్దనాయిన. సీతాఫలాలు తెచ్చేటోడు. మీ అమ్మ తల సక్కగనే ఉన్నది. నేనే సెప్పలే.”

వాడు నన్ను చూశాడు, తల్లిని చూశాడు. సత్తమ్మ గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో నాకే అర్థం కాలేదు. వాడు మెల్లగా మంచం మీద కూర్చున్నాడు. తల పట్టుకుని, బిడ్డతో అన్నాడు. “బుకింగ్ ఆపెయ్ శ్రావణీ. బాపుక్కూడ సురువైంది.”

ఓడ మా కోసం ఆగలేదు. జూన్ ఆఖరున దాని దారిన అది పోయింది. శ్రావణి పుణెకు పోయింది. పోయే ముందు మా ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని వాటేసుకుంది, గాజు సామాను పట్టుకున్నట్టు. నది దాటి పోయి నర్సవ్వను అడగమంటే, “అట్లనే బాపూ,” అంటాడు సదానందం, పోడు. ఇప్పుడు గేటు తాళం ఇద్దరికీ వర్తిస్తుంది. సుభాషిణి నాతో కూడా ఒక్కో మాటే విడదీసి మాట్లాడుతుంది. మధ్యాహ్నాలు సత్తమ్మ, నేను కూలర్ ముందు కూర్చుంటాం. ఆమె పిలుస్తుంది, నేను పలుకుతాను. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. కొన్నిసార్లు, “మొదలే సెప్పుంటె అయిపోవు గదా,” అంటుంది. అవునంటాను. కొన్నిసార్లు మాత్ర మత్తులో తల నా భుజం మీదికి వాలుతుంది.

మొన్న నన్ను కూడా ఆ డాక్టరు దగ్గరికే తీసుకుపోయారు. ఏ నెలో, ఏ వారమో చెప్పాను. నూరులోంచి ఏడు తీయడంలో రెండుచోట్ల తప్పాను, చిన్నప్పటి నుంచి నాకు లెక్కలు రావు. చివరికి ఆయన కలం పట్టుకుని, సదానందం వైపు ఒకసారి చూసి, నన్ను అడిగాడు.

“పెద్దాయనా, మీ పేరు?”

“లచ్చయ్య,” అన్నాను.

రాసుకున్నాడు. నా పేరు ఒక కాగితం మీద పడి అరవై ఏళ్ళు దాటింది, మా ఊరి బడి విడిచిన తర్వాత మళ్ళీ ఇదే. మెడ చాచి చూశాను. పైన, పేరు రాసే చోట రాజలింగు అనే ఉంది. నా పేరు కింద ఉంది, రోగం రాసే గడిలో.